తిరగేసిన తీగలు

పిండి సంచీలో తెచ్చింది వాటిని
ఐలి లాహ్తినెన్.
బల్ల మీద గుమ్మరిస్తే
దీపాల చుట్టూ ఉండే వలయాలు రెండు,
ముందు జాలీ పలకలు, తలుపుల పక్క పట్టీలు,
ఒక డిక్కీ పిడి.
అద్దాల్లా ఉన్నాయి.
నా మొహం పదమూడు ముక్కలై కనపడింది.

"ఏం చెయ్యాలి?" అన్నాను.
"ఈ మెరుపు తీసెయ్యాలి, జుపాన్" అంది.

నలభై ఒక్కేళ్ళుగా ఈ డులూత్ రేవులో
క్రోమియం తొట్ల ముందు నిలబడ్డవాణ్ణి.
మెరుపు పెట్టమని వచ్చారు గానీ
తీయమని ఎవరూ రాలేదు.
ఆ ఆవిరికే నా ముక్కు దూలానికి బెజ్జం పడింది,
పెసరగింజ దూరేంత.
కాఫీ కాగుతోందో మాడుతోందో
మా డోరిస్ చెబితేగాని తెలీదు.
అంత ఖరీదు పెట్టి నేర్చిన పనిని
వెనక్కి తిప్పమంటుందేమిటీవిడ!

స్కూలు బస్సుల షెడ్డులో
ముప్పయ్యేళ్ళు బోల్టులు బిగించిన చేతులామెవి.
చూపుడువేలి గోరు ఎప్పటికీ నలుపే.
ఆ వేలితోనే పాత రసీదు మడత విప్పింది:
హడ్సన్. ఆరు సిలిండర్లు.
నలభై రెండు జనవరి, మూడో వారం.

"అప్పటికి క్రోమియం అంతా యుద్ధానికి పోయింది.
బంపర్లకి తప్ప దేనికీ మెరుపు లేదు.
బూడిదరంగు పూసి పంపారు దీన్ని.
తర్వాతెవడో సిగ్గుపడి
తళుకు తొడిగించాడు."

సిగ్గుపడి.
ఆ మాట దగ్గరే ఉండిపోయాను చాలాసేపు,
ఆమె వెళ్ళిపోయాక కూడా.
వలయం లోపలి అంచున జిడ్డు గీరితే
గోటికి తగిలింది
ఉలితో కొట్టిన మా ఇంటిపేరు మొదటక్షరం.
మా నాన్న చెయ్యి.
ఊళ్ళో ఇంకో దుకాణం ఎక్కడిది మరి?

కాస్టిక్ సోడాలో వేలాడదీసి
తీగలు తిరగేశాను.
రుణం ఉండే చోట ధనం,
ధనం ఉండే చోట రుణం.
పసుప్పచ్చగా, టీ డికాక్షన్ దిగినట్టు
నీళ్ళలోకి దిగిపోయింది నాన్న పనితనం.
కింద నికెల్. దాని కింద రాగి.
రాగి కింద ఏ గొప్పా లేని ఉక్కు.
ఒక పట్టీ వెనక, క్లిప్పు దూరే సందులో మాత్రం
గోరంత బూడిదరంగు
ఎవరూ చూడనందుకు బతికిపోయి ఉంది.
ఆ ముక్కని అగ్గిపెట్టెలో దాచి ఇచ్చాను,
రంగు కలిపేవాడికి చూపించుకోమని.

పెట్టడానికి ధర తెలుసు, తీయడానికి తెలీదు.
సగం అడిగాను.
ఆ సగం కూడా ఎందుకడిగానో.

మే మొదట్లో, సరస్సు ఒడ్డున మంచు
ఇంకా పెళ్ళలు పెళ్ళలుగా ఉండగా
దుకాణం ముందు హారన్ మోగింది.
"ఎక్కు."

దారంతా దాని జబ్బులే చెప్పింది.
క్లచ్చిలో బిరడా ముక్కలట,
నూనెలో నానుతూ ఉండాలట, ఎండితే కీచుమంటాయట.
ఆరే వోల్టులు. చీకటి పడితే
దీపాలు తమకి తామే కనబడేంత వెలుగు.
బ్యాటరీ ధనపు కొసని తెచ్చి
బండి ఒంటికి కట్టారట కంపెనీలోనే.
పుట్టుకతోనే
తిరగేసిన తీగలన్నమాట.

కొండ రోడ్డెక్కుతుంటే వాన.
ఇంజిను పీల్చే ఊపిరితోనే ఆడతాయి దీని వైపర్లు.
ఎత్తుకి ఆయాసం వచ్చి
అద్దం మధ్యలో నిలబడిపోయాయి.
ఐలి కంగారు పడలేదు.
యాక్సిలేటర్ మీంచి కాలు రవ్వంత లేపింది,
అవి ఒక్క తుడుపు తుడిచాయి.
మళ్ళీ తొక్కింది, మళ్ళీ అంతా నీళ్ళు.
చూసినంత మేర గుర్తు పెట్టుకుని
చూడని మేర నడపడం.

సిగ్నల్ దగ్గర పక్క ట్రక్కులో కుర్రాడు
అద్దం దించి అరిచాడు:
"బామ్మగారూ, ప్రైమర్ దగ్గరే ఆపేశారేం?
పని ఎప్పటికి అవుతుంది?"
"అయిపోయింది" అంది.

నాన్న అక్షరం సంగతి అప్పుడు చెప్దామనుకున్నాను.
ఆమె నా వైపు తిరిగి
"పెట్రోలు వాసనేమైనా వస్తోందా,
కార్బురేటర్ కారుతోందేమో?" అంది.
"నన్నా అడుగుతున్నావు?" అని ముక్కు చూపించాను.
నవ్వలేదు.
మా ఇద్దరి వంతూ తనే గట్టిగా పీల్చి
"ఫరవాలేదు" అని
గేరు మార్చింది.